దొర్సాని నాలుగో కాలు

ఎవరు కడిగిన్రు, ఎవరు కడిగిన్రు అని అదొక్కటే పట్టుకున్నవేంది సారూ? వచ్చి ఇంక సంచి గూడ కింద వెట్టలే, అప్పుడే మూడుమాట్ల అడిగినవ్. గుర్రం కాళ్ళను వాన కడిగింది. శ్రావణమాసం వాన ఎవ్వర్ని అడిగి కడుగుతది?

అసలు నిన్ను పిలిచిందెవరు? నేనైతే పిలువలే. మా ఎల్లేశం పిలిచిండా? వాడు పిలువడు. కన్నకొడుకే గని, వాని నోట్లకెల్లి ఒక్క మాట రావాలంటే నేను నాలుగు దినాలు తిట్టాలె. మరి సర్కారు పశువుల డాక్టరు పిలువకుండ, పొద్దుగాల పొద్దుగాల, గీ వానల స్కూటరేసుకొని మూసాపేట దాక వచ్చిండంటే నేను నమ్మాల్నా?

సర్లె, వచ్చినోన్ని ఎల్లగొడ్తనా. గా ఉలవల బస్త మీద గూసో. జర ఇటు జరుగు, అక్కడ రేకులకెల్లి కారుతది.

గది నెత్తురు గాదు, బుగులు వడకు. మైదాకు. నిన్న నూరి పెట్టిన. ఐతారం కొండాపూర్ల బారాత్ ఉన్నది. తెల్లగుర్రం కాళ్ళకు మోకాళ్ళ దాక మైదాకు లేకుంట పెండ్లికొడుకును ఎక్కియ్యమంటవా? ఇగ పెండ్లిగుర్రానికీ టాంగా గుర్రానికీ ఫరకేముంటది?

మూడు కాళ్ళకే ఎందుకు పెట్టిననా? ఆకు సాల్లే. నాలుగో కాలుకు రేపు పెడ్త. నువ్వు కాళ్ళు లెక్కవెట్టనీకి వచ్చినవా, మందు వెయ్యనీకి వచ్చినవా?

మెల్లగ, మెల్లగ. ఆ పక్కులు అట్ల పీకకు సారూ, దానికి పానం పోతది. మైదాకు కింద ఏమున్నదో నాకు తెల్వదా. తోలంత పగిలి రసి కారుతుంది. గిట్ట మీద వేలు వెడ్తే కాలుతుంది. తెల్సు. పెట్టిందే కనవడకుండ ఉండాలని. ఇగ సూసినవ్ గదా, అయిపాయె.

దీనికి దొర్సాని అని పేరు వెట్టింది మా ఆయన పోచయ్య. ఎట్ల నడిచేదో ఎరికేనా? ఊళ్ళె దొర్సాని మేనా దిగి, ఇగ ఎవ్వని మొఖం సూడకుండ గుళ్ళెకు వోయినట్టు నడిచేది. తొవ్వల బస్సు ఎనకాల హారను గొట్టినా మెడ తిప్పకపోయేది. ఇప్పుడు సూడు, వేడి పెనం మీద కాలు వెట్టినట్టు ఎత్తి ఎత్తి పెడ్తుంది.

గీ బీమారి ఏడికెల్లి వచ్చిందో నేను జెప్పనా? లారీలు. మునుపు మా మూసాపేట తొవ్వ గిట్ల లేకుండె. గట్టి మొరం తొవ్వ. ఫ్యాక్టరీలు వచ్చినయి, లారీలు వచ్చినయి, ఏడాది తిరగంగనె తొవ్వ అంత నాట్లేసే మడి అయింది. టాంగ దిగవడితే దొర్సాని మోకాళ్ళ దాక బురదల దిగవడి గుంజాలె. బస్సు స్టేజి కాడికెల్లి కూకట్‌పల్లి దాక, మల్ల ఎనకకు, దినానికి ఎన్ని మాట్లు తిరుగుతదో నువ్వే అనుకో. మనిషి కాలు అయితే ఎప్పుడో కుళ్ళిపోయేది.

నువ్వు గూడ గదే అన్నవ్ గదా మొన్న వచ్చినప్పుడు. నెల దాటింది కావచ్చు. మా కోడలు కిష్టమ్మ పోయి నిన్ను పిల్చుకొచ్చింది. బాచుపల్లి పిల్ల, ఎడ్ల మధ్యల పెరిగింది, పశువుకు జర ఏమన్న అయితే దవాఖానకు ఉర్కుతది. తనకు జరమొస్తే పోదు. వచ్చినవ్, గొంతుకిల గూసున్నవ్, నాలుగు కాళ్ళు సూసినవ్. 'తెల్లకాళ్ళ గుర్రాలకు చర్మం పలుచగా ఉంటుందమ్మా, బురదలో నానితే చీలుతుందండి, ఆ చీలికలోకి క్రిములు వెళతాయండి' అన్నవ్. అండి, అండి. గుర్రానికి గూడ అండి అంటవేమో అని సూసిన.

నవ్వకు. నీ మాట నాకు ఇష్టమే. మొన్న గొడవలల్ల ఆంధ్రోళ్ళు పోవాలె పోవాలె అని గల్లీల లొల్లి జేసినోళ్ళే ఇయ్యాల బర్రెను గుంజుకొని నీ ముంగట నిలవడి సోమేశ్వరరావు సారూ, సారూ అంటున్నరు. బర్రె కడుపు ఉబ్బితే ఈడి ముల్కీ ఎవడు, బయటి గైర్ ముల్కీ ఎవడు.

గని ఒక్క మాట. గప్పుడు నువ్వు జెప్పిన మందేంది? కడగొద్దన్నవ్. బురద అంటుకొని వచ్చిన గుర్రాన్ని కడగకుండ కట్టెయ్యాలె, బురద దానంతట అది ఎండాలె, ఎండినంక పీచుతోని రాల్చాలె. నీళ్ళు వోస్తే బీమారి పెరుగుతది. గిదేనా నువ్వు జెప్పింది? ఏడేండ్లు చదివి గిదా నేర్సుకున్నది? గుర్రాన్ని కడగకుండ ఉండుడు నాకు మా బర్రెలకాపరి గూడ నేర్పుతడు, వాడు తననే కడుక్కోడు.

సర్కారు మనిషివి. తలకాయ ఊపిన.

ఇంకోటి జెప్పినవ్. గిట్టల మీది కుచ్చులు కత్తిరియ్యాలన్నవ్. గా ఎంటికలల్ల తడి నిలువుంటదన్నవ్. కత్తెర తీసినవ్ గూడ. నేను దొర్సాని ముంగట అడ్డంగ నిలవడ్డ, యాదికున్నదా? గీ మూసాపేటల గసొంటి కుచ్చులున్న గుర్రం ఇంకోటి సూపెట్టు. నడుస్తుంటే కాళ్ళకు పూలు గట్టినట్టు ఊగుతయి. పెండ్లికూతురి జడ కొయ్యమంటే కోస్తరా ఎవరన్న?

కిష్టమ్మ అన్నది, 'అత్తా, ఎంటికలే గదా, మల్ల వస్తయి' అని. 'నీ ఎంటికలు కొయ్యుమంటే కొయ్యిచ్చుకుంటవా' అన్న.

గా కాడికెల్లి సురువైంది మా ఇంట్ల. కిష్టమ్మ దినాం కోతమిషను కాడికి వోయి, కొట్టం పొడిగుండాలని పొట్టు తెచ్చుడు. తట్ట నెత్తిన వెట్టుకొని, ఆ చెక్కపొట్టు కండ్లల్ల వడ్తుంటే తుడుసుకుంట వచ్చుడు. కొట్టంల పరుసుడు. తడిసింది ఎత్తి పారవోసుడు. మల్ల కొత్తది పరుసుడు. దొర్సాని టాంగ ఇప్పి రాంగనె దాని కాళ్ళు ముట్టకుంట అట్లనే నిలవెట్టి, బురద ఎండినంక కొబ్బరిపీచు వట్టుకొని కింద గూసోని రాకుడు. దినం తప్పిచ్చి దినం ఉడుకునీళ్ళల్ల నీ మందు కలిపి, గుడ్డ ముంచి, పక్కుల మీద ఏసి, అవి మెత్తవడ్డంక తీసి, మల్ల పొడి గుడ్డతోని ఒత్తి ఒత్తి, గా తెల్ల మలాం రాసుడు. కన్నబిడ్డకు గూడ అట్ల జేస్తరో లేదో.

నాకు మండదా మరి? నా కొట్టంల, నా గుర్రాన్ని, నా కోడలు బురదకాళ్ళతోని నిలవెట్టింది. గల్లీల పోయేటోళ్ళు తొంగి సూస్తరు. ఆ భాగ్యమ్మ ఉన్నది సూడు, ఎదురింటామె, గామె వచ్చి 'ఏం రుక్కమ్మా, పోచయ్య ఉన్నప్పుడు అద్దం లెక్క మెరిసేది గదా గుర్రం, గిట్లయిందేంది' అన్నది. గా మాట నాకు ఎక్కడ తాకాల్నో అక్కడ తాకింది.

మా ఆయన సంగతి నీకు తెల్వదు. ఆయన పోలీస్ యాక్షన్‌కు మునుపు ఒక నవాబు కాడ గుర్రాలు సూసేటోడు. సాయిసు. ఆ నవాబుకు పదకొండు గుర్రాలుండె. ఆయన జెప్పేది ఇంటే నవాబుకన్న ఎక్కువ ఈయననే కోటల ఉన్నడనిపిస్తుండె. మాపటికి గుర్రం కొట్టానికి రాంగనె నాలుగు కాళ్ళు కడగాలె, కడిగినంకనే దాన వెట్టాలె, దాన వెట్టినంకనే మనిషి తినాలె. నవాబు పోయిండు, పదకొండు గుర్రాలు పోయినయి, గని మా ఇంట్ల గా కాయిద ఇరవై ఏండ్లు ఒక్కనాడు తప్పలే. జరం వచ్చి మూలిగేనాడు గూడ లేసి కడిగిండు. పోయిన దినం మునుపటి దినం గూడ కడిగిండు.

నేను నీళ్ళు వోస్తుంటి. బోరింగు కొట్టి, బకీట నింపి, చెంబుతోని వోస్తుంటి. ఆయన గొంతుకిల గూసోని రుద్దుతుండె. గప్పుడు మాట్లాడేటోడు సారూ. దినమంత నోట్ల బీడి తప్ప మాట ఉండకపోయేది. గా కాళ్ళు రుద్దేటప్పుడు మాత్రం ఎవ్వడు టాంగ ఎక్కిండు, ఏ పోలీసోడు అడ్డం వచ్చిండు, ఏ ముసల్ది దిగుతప్పుడు దండం వెట్టింది, అన్ని జెప్పేటోడు. నిజం జెప్పాలంటే నాకు జెప్పకపోయేటోడు. దొర్సానికి జెప్పేటోడు. 'ఇంటున్నవే, వాడేమన్నడో తెల్సా' అని దాని మోకాలు సూసి అంటుండె. నేను చెంబు వట్టుకొని ఇంటుంటి. గంతే మా సంసారం. మూడేండ్లాయె ఆయన పోయి.

ఏంది, మల్ల గా నాలుగో కాలు కాడికి వోతున్నవ్? ఆ ఎనక ఎడమకాలు జోలికి వోకు, తంతది. నన్ను తన్నింది. ఇగో గీడ, తొడ మీద, గిట్ట అచ్చు వడ్డది. నీకు సూపెడ్తనా ఏంది, ముసల్దాన్ని.

అగో. నీకు ఇచ్చింది. సూడు, ఎట్ల ఇచ్చిందో, సుట్టమొచ్చినట్టు. మొగోడు చెయ్యి సాపితే కాలిస్తది, దానా ఏసే నాకు ఇయ్యది. మాయదారి గుర్రం.

బారాత్ సంగతి ఇన్నవా? ఇననే ఇని ఉంటవ్, కూకట్‌పల్లి అంత నవ్వింది. పది దినాలాయె. పెండ్లికొడుకు పేరు పార్థసారథి. ఏదో దఫ్తర్ల గుమాస్త. మీ దిక్కోడే, మొఖం నిండ బాసికం, మీద సూటు, కాళ్ళకు బూట్లు. బ్యాండోళ్ళు ముంగట. మా ఎల్లేశం కళ్ళెం వట్టుకొని నడుస్తుండు. నేను పక్కకే ఉన్న, ఎప్పుడూ ఉంట. కిష్టమ్మ ఎనకాల. పెండ్లికూతురి ఇల్లు ఇంకో నాలుగిండ్ల అవతల ఉన్నది.

దొర్సాని ఆగింది. కుడి ముంగటికాలు ఎత్తింది, దించుతలేదు. ఎల్లేశం గుంజిండు. పెండ్లికొడుకు 'హై హై' అని మడిమలతోని పొడిచిండు. ఇగ అది మెల్లగ మోకాళ్ళ మీద గూసున్నది. పడలే సారూ, గూసున్నది. దొర్సాని కదా. పార్థసారథి దాని మెడ మీదికెల్లి జారి నేరుగ బురదల దిగిండు. బాసికం ఒకదిక్కు, బూటు ఒకదిక్కు. బ్యాండోళ్ళకు తెల్వదు, వాళ్ళు ముంగటికి సూసి వాయించుకుంట పోతనే ఉన్నరు. పెండ్లికొడుకు బూట్లు చేతుల వట్టుకొని నాలుగిండ్లు నడిచి పోయిండు. పెండ్లికూతురు తలుపు కాడికెల్లి సూసి నవ్వింది. ఆమె మంచిది, మొదటిరోజే నవ్వింది.

గక్కడ, అందరి ముంగట, నేను కిష్టమ్మ మీద వడ్డ.

'గిదంత నీ పొట్టు పని. కోతమిషను చెత్త తెచ్చి నా గుర్రం కాళ్ళ కింద వోసినవ్, అది తడి తాగి కాళ్ళు కుళ్ళవెట్టింది. కడగనియ్యకపోతివి. బద్దకానికి డాక్టరు పేరు వెట్టుకున్నవ్. నా మొగడు ఇరవై ఏండ్లు కాపాడిన కాళ్ళను మూడు వారాలల్ల ఖరాబు జేసినవ్' అన్న. ఇంకా శానా అన్న. యాదికున్నయి, గని నీకు జెప్ప.

ఎల్లేశం కళ్ళెం దిక్కు సూసుకుంట నిలవడ్డడు. కిష్టమ్మ కొంగు సదురుకొని, బస్సు స్టేజి దిక్కు నడిచింది. గటే తల్లిగారింటికి బాచుపల్లికి వోయింది. ఇంటికొచ్చి చీర గూడ మార్సుకోలే. బారాత్ కని కట్టుకున్న చీరతోనే వోయింది.

అయితే ఏంది, నేనేమన్న పొమ్మన్ననా?

ఎందుకట్ల సూస్తున్నవ్ సారూ. నోటితోని అడుగు. ఆ వేలు గా కాలు మీదికెల్లి తియ్యి.

సూసిన. నాకూ కండ్లున్నయి. మూడు కాళ్ళు కుళ్ళినయి, నాలుగోది మానింది. పక్కు లేదు, వాపు లేదు, పాత తోలు కింద కొత్త తోలు వచ్చింది, ఎంటికలు మొలుస్తున్నయి. ఒక్కటే గుర్రం, ఒక్కటే కొట్టం, ఒక్కటే బురద. నాలుగోది ఎట్ల మానిందని నువ్వు అడుగుతున్నవ్. దేవుని దయ అంటే ఊకుంటవా? ఊకోవు. నీ మొఖం జూస్తే తెలుస్తుంది.

సరే.

నేను కడిగిన. తెల్లారక మునుపు, కోడి కూయంగనె లేసి, కిష్టమ్మ లేవకముందే కడిగిన. దినాం. నువ్వు వద్దన్న మరునాటికెల్లి. బోరింగు చప్పుడైతదని మాపటికే బకీట నింపి పెట్టుకుంటుంటి. కిష్టమ్మ లేసి 'అత్తా, కాళ్ళు తడిగున్నయేంది' అంటే 'నీ పొట్టు తడి' అన్న. 'నా పొట్టు పొడిగున్నదత్తా' అంటే 'ఉచ్చ వోసింది' అన్న. గుర్రం మీద నింద ఏసిన, పాపం, దానికి నోరు లేదని.

మూడు కాళ్ళే కడిగిన. నాలుగోది నాకు ఇయ్యది. మా ఆయన పోయిన కొత్తల ఒకనాడు బకీట జారి దాని మడిమ మీద వడ్డది. గప్పటిసంది ఆ కాలు నాకు ఇయ్యది. గందుకే గా కాలుకు కిష్టమ్మ చెయ్యే తప్ప నా నీళ్ళు తాకలే. మైదాకు గూడ గందుకే అంటలే. ఆకు సాలకపోవుడు ఏంది, గిన్నెల ఇంక సగం ఉన్నది.

ఎందుకు కడిగిననంటే ఏం జెప్పాలె. కడగకపోతే నాకు పొద్దు వొడవదు. ఆ కాళ్ళ మీద నీళ్ళు వోస్తుంటే ఆయన రుద్దుకుంట గొణుగుతున్నట్టే ఉంటది. కడుగుడు బందువెడితే ఇగ ఆయన నిజంగనే పోయినట్టు. గిది నువ్వు రాసిచ్చే చిట్టిల రాస్తరా? రాయరు గదా.

ఏమంటివి? మా ఆయన కడిగి అట్లనే ఇడిసేటోడా అంటవా?

అట్లనే... ఏమో. నా పని నీళ్ళు వోసుడు. బకీట అయిపోంగనె నేను లోపటికి వోయి పొయ్యి ముట్టించి రొట్టెలు చేస్తుంటి. ఆయన అరగంట అట్లనే గొంతుకిల గూసోని ఉంటుండె. బీడి తాగుతుండనుకుంటుంటి.

ఆగు.

గా మేకు సూసినవా, గుంజకు కొట్టింది? గా మేకుకు ఒక తువ్వాల ఏలాడుతుండె. ఎప్పుడు సూసినా తడిగ. ఆయన ఒళ్ళు తుడుసుకునేదనుకున్న. ఇరవై ఏండ్లు గా తువ్వాలను నేనే ఉతికిన సారూ. దాన్నిండ తెల్లెంటికలు. గుర్రపు ఎంటికలు. మనిషి ఒళ్ళు తుడుసుకుంటే గన్ని గుర్రపు ఎంటికలు యాడికెల్లి వస్తయని ఒక్కనాడు అడగలే. ఆయన పోయినంక గా తువ్వాలను చింపి పొయ్యికాడ మసిగుడ్డ జేసిన.

అంటే ఆయన కడిగి తుడిసేటోడు. నువ్వు జెప్పినట్టే, ఒత్తి ఒత్తి, అరగంట తుడిసేటోడు. మా ఆయన జేసినట్టు జేస్తున్న అని నేను మూడేండ్లసంది సగమే జేసిన. ఇన్నేండ్లు తొవ్వ గట్టిగుండె, ఎండలు గూడ ఎక్కువుండె, గందుకే బయట వడలే. ఈ ఏడు బురద వచ్చింది, బయటవడ్డది. గంతేనా? గంతే కావచ్చు.

ఏడుస్తలే. మైదాకు ఘాటు.

ఇంకోటి ఉన్నది, అది గూడ ఇను. ఎట్లయినా మొదలువెట్టిన. బారాత్ నాడు నేను కిష్టమ్మ మీద వడ్డ గదా, గప్పటికే నాకు తెల్సు. ఆ పొద్దుగాలనే సూసిన, నాలుగో కాలు మానుతుందని. నేను ముట్టని కాలు మానింది, ముట్టిన మూడు కుళ్ళినయి, గా మాత్రం లెక్క నాకు రాదా? వచ్చింది. వచ్చినా అన్న. అందరి ముంగట దొర్సాని కూలవడ్డది, ఎవరి పాపమో ఒకరిది కావాలె గదా. నాది కావద్దనుకున్న. ఆమె చిన్నది, పరాయి ఇంటి పిల్ల, అంటే పడ్తది. అన్న. పడ్డది.

ఆమె పోయినంక నేనేం జేసిన్నో ఎరికేనా? కడుగుడు ఇంక ఎక్కువ జేసిన. ఇగ దాసుకునుడు ఎందుకని పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి. పొట్టు మాత్రం ఎల్లేశం తెచ్చి పోస్తడు. తట్ట దించి, పరిసి, పోతడు. నేను కడుగుతుంటే ఒకనాడు తలుపు కాడ నిలవడి సూసిండు. ఏమన్లే, పోయిండు. అచ్చం వాని తండ్రే.

ఇప్పుడు సెప్పు. దొర్సాని బతుకుతదా? రసి మోకాలు దాటితే కష్టమన్నవ్ మొన్న. ఇంకా దాటలే గదా? సూడు మంచిగ. సూది ఎయ్యి, రెండు ఎయ్యి. ఐతారం బారాత్ పోతే పోనియ్యి, కొండాపూర్ పెండ్లికొడుకు సైకిల్ మీద పోతడు. నాకు గుర్రం ఉండాలె.

ఉంటదా? తుడిస్తే ఉంటదా.

సంచిలకెల్లి తీస్తున్నవేంది? మందా? గుడ్డనా? కొత్త తువ్వాల. ఏంది సారూ, దవాఖానోళ్ళు తువ్వాలలు గూడ పంచుతున్నరా ఇప్పుడు?

ఎవరిచ్చిన్రు?

మల్ల జెప్పు.

కిష్టమ్మ. గురువారం బాచుపల్లిల పశువులకు టీకాలు ఏస్తుంటే నీ కాడికి వచ్చిందా. తువ్వాల చేతులవెట్టి, ఒక్కసారి మూసాపేట వోయి గుర్రం కాళ్ళు సూసి రమ్మన్నదా. ఇంకేమన్నది? దాయకు, జెప్పు.

'మా అత్త కడుగుడు ఎట్లయినా ఇడువదు, కడిగినంక దీనితోని తుడువుమని జెప్పుండ్రి' అన్నదా.

అంటే ఆమెకు తెల్సు. కొట్టంల ఉన్నప్పుడే తెల్సు. నా కొంగు తడి సూసి ఉంటది. మాపటికి నింపి పెట్టిన బకీట సూసి ఉంటది. తెల్సి పొద్దున లేసి మల్ల పొట్టు తెచ్చింది, మల్ల తుడిసింది, నేను మల్ల కడిగిన. నీకూ తెల్సు. తెల్సుండి ఎవరు కడిగిన్రు, ఎవరు కడిగిన్రు అని మూడుమాట్ల అడిగినవ్. నీ చదువు పాడుగాను, పశువులకు మందేసెటోనివా, పోలీసువా?

తెల్సి గూడ నలుగురి ముంగట ఒక్క మాట అనలే సారూ. గదే నాకు కాలుతది. 'నువ్వే గదా అత్తా కడిగింది' అని అనుంటే అయిపోయేది. నేను పది అందును, ఆమె రెండనును, భాగ్యమ్మ వచ్చి ఇడిపిచ్చును, మాపటికి కలిసి తిందుము. నోరు మూసుకొని పోయింది. పోయి తువ్వాల పంపింది. గిసొంటిదాన్ని ఏం జేస్తం?

ఇటియ్యి. మెత్తగనే ఉన్నది. ఆ మేకుకు పెడ్త.

కత్తెర తియ్యి. కుచ్చులు కొయ్యి, అన్ని కొయ్యి. మల్ల వస్తయి, ఎంటికలే గదా. నువ్వు పక్కులు నానవెట్టు, నేను తుడుస్త. ఈ ముంగటి కుడికాలు పట్టు ముందుగాల, దీన్నే నేను మస్తు కడిగిన.

మూడు నేను తుడుస్త సారూ. నాలుగోది నాతోని గాదు, అది నాకు ఇయ్యది. మల్ల గురువారం బాచుపల్లికి వోతవ్ గదా. కిష్టమ్మ కనవడితే ఏమని జెప్పాల్నంటవా? అత్త తప్పైందన్నదని జెప్పకు, నేను అనలే. అత్త ఏడ్సిందని అసలే జెప్పకు. దొర్సాని నాలుగో కాలు అత్తకు ఇస్తలేదంట అని జెప్పు. గంతకన్న నాకు నోరు రాదు.